ఫ్యాన్, పేస్ట్, ప్యాడ్‌లు మార్చాక ల్యాప్‌టాప్ ఇంకా ఎక్కువ వేడెక్కుతోందా? మళ్లీ విప్పే ముందు ఇది చూడండి

మీ ప్రశ్న టూకీగా ఇదీ: ఫ్యాన్ గరగరలాడుతోందని కొత్తది వేశారు. ఎలాగూ విప్పాం కదా అని చిప్‌ల వేడిని పైనున్న లోహానికి దాటించే థర్మల్ పేస్ట్, థర్మల్ ప్యాడ్‌లు కూడా మార్చేశారు. అదే ఊపులో పెద్ద ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ కొత్తగా ఎక్కించారు. ఇంతకుముందు ఎంత పని ఇచ్చినా 85 డిగ్రీల దగ్గర నిలబడే ప్రాసెసర్ ఇప్పుడు రెండు సెకన్లలో 98కి పోతోంది. ఫ్యాన్ ఎప్పుడు చూసినా ఫుల్ స్పీడే. ఒక్కోసారి ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ అంటూ ఆగిపోతోంది. కొత్త ఫ్యాన్ నాసిరకమా, పేస్ట్ నాసిరకమా అని అడుగుతున్నారు.

రెండూ అయ్యుండకపోవచ్చు. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి ఫ్యాన్ దగ్గరికి చేర్చే రాగి పలక, పైపులు, రేకుల గుత్తి) ప్రాసెసర్ మీద పూర్తిగా ఆనడం లేదు. మొదటి అనుమానం మీరు వేసిన ప్యాడ్‌ల మందం మీద. ఫ్యాన్ ఎర్రర్ సంగతి వేరు. దాన్ని దీనితో కలపకండి. కనెక్టర్ సగమే దిగి ఉంటుంది, లేదా ఆ ఫ్యాన్ మీ మోడల్‌ది కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీరు రాసిన "రెండు సెకన్లలో" అన్న మాటే. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద డెస్క్‌టాప్ దానిలా లోహపు మూత ఉండదు. గోరంత సిలికాన్ ముక్క, అంటే డై, నేరుగా హీట్‌సింక్ రాగి పలకకు ఆనాలి. ఆ ముక్క సొంతంగా వేడిని దాచుకోలేదు. రాగికి సరిగ్గా ఆనితే పని మొదలవగానే ఉష్ణోగ్రత ఒక్క గెంతు గెంతి, ఆ తర్వాత రాగి పలక, హీట్ పైపులు వేడెక్కే కొద్దీ మెల్లగా మూడు నాలుగు నిమిషాలపాటు పెరుగుతుంది. గాలి దారిలో తేడా ఉంటే ఈ రెండో భాగం పాడవుతుంది, అంటే మొదట బాగానే ఉండి నిమిషాల మీద పైకి పాకుతుంది. ఆనడంలోనే తేడా ఉంటే రెండో భాగమంటూ ఉండదు, సెకన్లలో నేరుగా పైకప్పుకు తగులుతుంది. ఆ పైకప్పు ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో ఎక్కువగా 100 డిగ్రీలు, ఏఎండీలో మోడల్‌ని బట్టి 95 నుంచి 105. అక్కడికి చేరగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి వెంటనే కాలిపోతుందని భయపడక్కర్లేదు, కానీ అలాగే వాడుతూ పోకండి.

ఒక్క మినహాయింపు ఉంది. ఇప్పటి హెచ్ సిరీస్ ప్రాసెసర్లు (గేమింగ్ లాంటి బరువైన పనుల ల్యాప్‌టాప్‌లలో ఉండేవి) మొదటి కొన్ని సెకన్లు కావాలనే తమ మామూలు వాట్ల కన్నా రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే లాగుతాయి. ఆ కాసేపు 95 కనిపించడం రోగం కాదు. అందుకే డిగ్రీలు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, పక్కనే వాట్లు కూడా చూడాలి. ప్రాసెసర్ 70 వాట్లు లాగుతూ 95 చూపిస్తే హీట్‌సింక్ తన పని తాను చేస్తున్నట్టే. అదే ప్రాసెసర్ 18 వాట్లకే 95 చూపిస్తే వేడి చిప్ దాటి బయటికి రావడం లేదన్నమాట.

విప్పే ముందు ఇరవై నిమిషాల పరీక్ష

ఉష్ణోగ్రతలు, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రామ్ వేసుకుని సెన్సర్లు మాత్రమే తెరవండి. నాలుగే నాలుగు చూడండి: సీపీయూ ప్యాకేజ్ (అంటే మొత్తం ప్రాసెసర్) ఉష్ణోగ్రత, ప్యాకేజ్ పవర్ (అది లాగే వాట్లు), ఒక్కో కోర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ ఆర్‌పీఎం. ఫ్యాన్ వేగం కొన్ని మోడళ్లలో బయటికి కనిపించదు, అప్పుడు చెవితోనే పని. లినక్స్ అయితే ఎల్‌ఎం సెన్సర్స్, ఎస్ ట్యూయీ చాలు. ఛార్జర్ పెట్టి, గట్టి బల్ల మీద ఉంచి, పది నిమిషాలు ఖాళీగా వదిలేసి అంకెలు రాసుకోండి. తర్వాత ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌లో మల్టీకోర్ పరీక్ష పది నిమిషాలు తిప్పండి. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. గది పది డిగ్రీలు వేడిగా ఉంటే చిప్ కూడా దాదాపు అంతే పైకి జరుగుతుంది. చల్లటి పూట ఒక పరీక్ష, ఎండ వేళ ఇంకొకటి చేసి పోల్చుకుంటే అయోమయమే మిగులుతుంది.

పరీక్ష నడుస్తుండగా గాలి బయటికొచ్చే జాలీ దగ్గర చెయ్యి పెట్టండి. ఈ చేతి పరీక్ష ఏ సాఫ్ట్‌వేర్‌కీ తీసిపోదు. చిప్ 97 అంటోంది, బయటికొచ్చే గాలి మాత్రం గోరువెచ్చగానో చల్లగానో ఉంది, ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది అంటే వేడి హీట్‌సింక్‌లోకే ఎక్కడం లేదు. ఆనకపోవడం గానీ, హీట్ పైపు చచ్చిపోవడం గానీ కారణం. గాలి చెయ్యి కాలేంత వేడిగా వస్తుంటే ఆనడం బాగానే ఉన్నట్టు. అప్పుడు దుమ్ము, గాలి చొరబడే దారి, లేదా వాట్ల పరిమితి చూడాలి. గాలే రాకపోతే సమస్య ఫ్యాన్‌దో, దాని తర్వాత ఉన్న రేకుల సందులదో.

కోర్‌ల మధ్య తేడా కూడా చూడండి. ఒకే రకం కోర్‌ల మధ్య 5, 6 డిగ్రీల తేడా మామూలే. ఒక పక్క కోర్‌లు 98, ఇంకో పక్కవి 82 ఉంటే హీట్‌సింక్ ఒక వైపుకి ఒరిగి కూర్చుంది. ఇంటెల్ 12వ తరం నుంచి చాలా చిప్‌లలో పెద్ద కోర్‌లు, చిన్న కోర్‌లు కలిసి ఉంటాయి, పెద్దవాటిని పెద్దవాటితోనే పోల్చాలి.

ప్యాడ్‌ల మందం: అసలు గొడవ ఇక్కడే

పేస్ట్ ఏ కంపెనీది వేయాలన్న దాని మీద జనం పేజీలకు పేజీలు కొట్లాడుకుంటారు. మంచి పేస్ట్‌కీ మామూలు పేస్ట్‌కీ మహా అయితే మూడు నుంచి ఐదు డిగ్రీల తేడా. ప్యాడ్ అర మిల్లీమీటరు తప్పితే ఇరవై, ముప్పై డిగ్రీలు పోతాయి. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

హీట్‌సింక్ ఒకే పలక. దాని కింద ప్రాసెసర్ డై, గ్రాఫిక్స్ ఉంటే దాని డై, చుట్టూ గ్రాఫిక్స్ మెమరీ చిప్‌లు, కరెంటు సరఫరా చేసే వీఆర్‌ఎం మాస్‌ఫెట్లు, కాయిల్స్ ఉంటాయి. వీటి ఎత్తులు వేరు వేరు. డైలకు పేస్ట్, పొట్టిగా ఉన్న మిగతావాటికి సందు నింపడానికి ప్యాడ్. కంపెనీ అక్కడ 0.5 మిల్లీమీటర్ల ప్యాడ్ వేసి ఉంటే మీరు చేతికొచ్చిన 1 మిల్లీమీటరుది వేశారనుకోండి. స్క్రూలు బిగించినా పలక ముందు ప్యాడ్ మీద ఆగిపోతుంది. డై మీద వెంట్రుకంత సందు మిగులుతుంది. ఆ సందు నిండా పేస్ట్ ఉంటుంది కాబట్టి పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ పేస్ట్ రాగి కాదు. బాగా పలచటి పొరగా ఉంటేనే అది పనికొస్తుంది.

ఇంకో బోల్తా ప్యాడ్ గట్టిదనం దగ్గర. అట్ట మీద వాట్ పర్ మీటర్ కెల్విన్ అంకె (వేడిని ఎంత బాగా దాటిస్తుందో చెప్పేది) 12, 15 అని పెద్దదిగా ఉంటే గొప్పదనుకుని కొంటారు. ఆ అంకె పెరిగే కొద్దీ చాలా ప్యాడ్‌లు గట్టిపడతాయి, నొక్కితే అణగవు. మెత్తటి 1 మిల్లీమీటరు ప్యాడ్ బిగింపుకి 0.7, 0.8 దాకా అణుగుతుంది, గట్టిది 0.9 దగ్గరే మొండికేస్తుంది. అంటే మందం సరిగ్గా కొన్నా తేడా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ అంకె 6 ఉన్న ప్యాడ్ మెత్తనిదైతే 15 ఉన్న గట్టి ప్యాడ్ కన్నా మేలు. వీఆర్‌ఎం చిప్‌లకు అంతకు మించి అవసరం పడదు.

పాత ప్యాడ్ మందం కొలిచి అదే కొనండి అని చాలామంది చెప్తారు. పూర్తిగా నమ్మకండి. పాతది ఏళ్ల తరబడి నలిగి ఉంటుంది. నొక్కుకోని అంచు దగ్గర వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే కొంత నయం. ఖచ్చితంగా తేలాలంటే ఇలా చేయండి: పిల్లలు బొమ్మలు చేసుకునే నూనె బంకమట్టిని చిన్న ఉండ చేసి పలచటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ప్యాడ్ ఉండాల్సిన చిప్ మీద పెట్టండి. డై మీద పేస్ట్ ఉండనిచ్చి, వేరే ప్యాడ్‌లేవీ లేకుండా హీట్‌సింక్‌ని పూర్తిగా బిగించండి. విప్పి, నలిగిన మట్టి మందం కొలవండి. 0.8 వస్తే 1.0 ప్యాడ్, 0.4 వస్తే 0.5 ప్యాడ్, 1.2 వస్తే 1.5 మెత్తటి ప్యాడ్. ఒక్కో చిప్ దగ్గర ఒక్కో అంకె రావచ్చు. మెమరీ మీద 1.0, కాయిల్స్ మీద 0.5 ఉండటం మామూలే. ఇంత కొలత పెట్టుకోలేమనుకుంటే ప్యాడ్‌ల బదులు మెత్తటి ముద్దలా ఉండే థర్మల్ పుట్టీ వేయండి. అది సందు ఎంతుంటే అంత వరకు నలిగి ఆగుతుంది, హీట్‌సింక్‌ని పైకి లేపదు. ఎన్ని సార్లు విప్పితే అన్ని సార్లు గీకి మళ్లీ వేసుకోవాలి, అదొక్కటే చిరాకు.

అన్నట్టు, ప్యాడ్‌కి రెండు వైపులా రక్షణ ఫిల్మ్ ఉంటుంది. ఒక వైపు రంగుది వెంటనే కనిపిస్తుంది. రెండో వైపు పారదర్శకంగా ఉండేది చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. కొత్త హీట్‌సింక్ కొన్నా అంతే, రాగి పలక మీద కంటికి కనిపించని ఫిల్మ్ అంటి ఉండొచ్చు. గోటితో ఒక మూల గీకి చూడండి.

అచ్చు చదవడం

ఇప్పుడు విప్పండి. ముందు షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బ్యాటరీ తగిలించి ఉండగా ఫ్యాన్ కనెక్టర్ తీసి పెడితే బోర్డు మీద ఫ్యాన్ లైన్ ఫ్యూజో, దాన్ని నడిపే చిప్పో పోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఎన్ని ఫ్యాన్లు మార్చినా తిరగవు.

హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని చెక్కి ఉంటుంది. విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి, ఒక్కోటి కొద్దికొద్దిగా. పలకను పక్కలకు తిప్పకుండా నిటారుగా పైకి ఎత్తండి. ఇప్పుడు డై మీదా రాగి మీదా పేస్ట్ ఎలా పరుచుకుందో చూడండి. నాలుగు మూలలదాకా పలచగా, దాదాపు కింది రంగు తెలిసేంత పొర ఉండి, మిగిలిన పేస్ట్ అంచుల వెంట గట్టులా పొంగి ఉంటే ఆనడం బాగుంది. మధ్యలో దళసరిగా, ముగ్గు పొడి కుప్ప పోసినట్టు ఉంటే సందు ఉంది. ఒక పక్క పలచగా, ఇంకో పక్క దళసరిగా ఉంటే ఒరిగింది. దళసరిగా ఉన్న వైపు ప్యాడ్ మందమో, స్క్రూనో, కింద ఇరుక్కున్న వైరో వెతకండి. వైఫై యాంటెన్నా వైరు, ఫ్యాన్ వైరు హీట్‌సింక్ కాలు కింద పడి నలిగి ఉండటం చాలా సామాన్యం. ప్యాడ్‌ల మీద కూడా చిప్ అంచుల ముద్ర పడి ఉండాలి. ముద్రే లేదంటే అక్కడ ప్యాడ్ ఆనడం లేదు, మందం చాలలేదు.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష. ప్యాడ్‌లన్నీ తీసేసి, డై మీద మాత్రం కొత్త పేస్ట్ వేసి బిగించి, ఆన్ చేయకుండానే మళ్లీ విప్పి అచ్చు చూడండి. ప్యాడ్‌లు లేనప్పుడు అచ్చు బాగుండి, ఉన్నప్పుడు చెడిందంటే దోషి దొరికినట్టే.

బిగించేటప్పుడు 1 నుంచి మొదలు. ముందు అన్నీ వేళ్లతో పట్టేదాకా, తర్వాత ఒక్కోటి అర చుట్టు చొప్పున వంతులవారీగా. ఈ స్క్రూలకు స్ప్రింగులుంటాయి, మెడ దగ్గర వాటంతట అవే ఆగుతాయి. ఆగాక ఇంకా తిప్పితే డై మూల పగులుతుంది, లేదా బోర్డుకి అతికించిన నట్టు ఊడి వస్తుంది. అంకెలు లేకపోతే ఎదురెదురు మూలలు.

పేస్ట్ ఎంత

డై 10 బై 15 మిల్లీమీటర్లు అనుకుంటే దాని విస్తీర్ణం 150 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 0.1 మిల్లీమీటరు పొర వేసినా 15 ఘనపు మిల్లీమీటర్లే, అంటే ఒక బియ్యపు గింజ. అయితే ల్యాప్‌టాప్ డై నున్నగా, మూత లేకుండా ఉంటుంది కాబట్టి మధ్యలో చుక్క పెట్టి వదిలేస్తే మూలలకు చేరకపోవచ్చు. ప్లాస్టిక్ గరిటతో నాలుగు మూలలకూ పలచగా పులమండి. కాస్త ఎక్కువైతే నష్టం లేదు, పక్కలకు పొంగుతుంది. తక్కువైతే నష్టం. పాతది 90 శాతానికి పైగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. డై చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్లను గోటితో గీకకండి.

పేస్ట్ వేసిన రోజు బాగుండి, నెలా రెండు నెలల్లో పది డిగ్రీలు పెరిగిందంటే పేస్ట్ పక్కలకు జారిపోతోంది. మూత లేని డై వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రవ్వంత వంగి, పేస్ట్‌ని బయటికి తోస్తుంది. పలచటి పేస్ట్‌లు దీనికి తట్టుకోలేవు. ల్యాప్‌టాప్‌కి చిక్కటి పేస్ట్ కానీ, హనీవెల్ పీటీఎం 7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్ కానీ మంచిది. ఆ షీట్ 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పరుచుకుంటుంది. డై కొలతకు కత్తిరించి, ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టి తీస్తే షీట్ చిరగకుండా ఫిల్మ్ ఊడుతుంది. వేసిన వెంటనే ఉష్ణోగ్రత నిరాశపరుస్తుంది. బాగా వేడెక్కించి చల్లార్చడం ఒక అయిదారు సార్లు జరిగాక కుదురుకుంటుంది. తొందరపడి విప్పేయకండి.

మీ ల్యాప్‌టాప్‌లో కంపెనీ వేసిన లిక్విడ్ మెటల్ ఉండి (వెండిలా మెరిసే ద్రవం, చుట్టూ నురుగు కట్ట ఉంటుంది), దాన్ని తీసి మామూలు పేస్ట్ వేస్తే కొన్ని డిగ్రీలు పెరగడం సహజమే. తిరిగి లిక్విడ్ మెటలే వేయాలనుకుంటే పలక రాగిదో, నికెల్ పూతదో చూసుకోండి. అల్యూమినియంని అది తినేస్తుంది. చుక్క బోర్డు మీద పడితే షార్ట్. మొదటిసారి విప్పుతున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఫ్యాన్

ల్యాప్‌టాప్ ఫ్యాన్‌కి ఎక్కువగా నాలుగు వైర్లు: కరెంటు, గ్రౌండ్, ఎంత వేగంగా తిరుగుతున్నానో చెప్పే టాకో, ఎంత తిరగాలో అందుకునే పీడబ్ల్యూఎం. టాకో వైరు చుట్టుకి రెండు పల్స్‌లు పంపుతుంది. బోర్డు మీది కంట్రోలర్ వాటిని లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్క అందకపోతే ఫ్యాన్ నిజంగా తిరుగుతున్నా దాని దృష్టిలో చచ్చినట్టే. కొన్ని మోడళ్లు అప్పుడు ఫుల్ స్పీడ్‌లో పెడతాయి, కొన్ని ఆన్ కానివ్వవు. హెచ్‌పీలో 90బీ కోడ్, థింక్‌ప్యాడ్‌లో ఫ్యాన్ ఎర్రర్ అన్న రెండు మాటలు, అన్నీ ఇదే. మీకు "ఒక్కోసారి" మాత్రమే వస్తోంది కాబట్టి కనెక్టర్ వదులుగా ఉండి ఉంటుంది. వైర్లు పట్టుకుని తోస్తే అది దిగదు. రెండు చెవుల మీద ప్లాస్టిక్ పుల్లతో సమానంగా నొక్కాలి. దిగాక తెల్లటి భాగం రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి.

అప్పటికీ ఎర్రర్ వస్తే పాత ఫ్యాన్ పెట్టి చూడండి. గరగరలాడినా ఎర్రర్ ఇవ్వకపోతే కొత్త ఫ్యాన్ సరిపోలేదు. పైకి ఒకేలా కనిపించే ఫ్యాన్లలో మూడు చోట్ల మోసం ఉంటుంది. ఒకటి ఓల్టేజి: చాలావరకు 5 ఓల్టులు, కొన్ని గేమింగ్ మోడళ్లలో 12. స్టిక్కర్ మీద ఉంటుంది. 5 ఓల్టులది 12లో పెడితే కాలిపోతుంది, 12ది 5లో పెడితే నత్తలా తిరుగుతుంది లేదా కదలనే కదలదు. రెండు, పిన్నుల వరస: కనెక్టర్ పడుతుంది, కానీ వైర్ల వరస వేరు. వైర్ల రంగులు నమ్మకండి, అన్నీ నల్లగా వచ్చేవీ ఉన్నాయి. మూడు, తిరిగే దిక్కు: రెండు ఫ్యాన్ల ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వైపుది, గ్రాఫిక్స్ వైపుది అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే చప్పుడు వస్తుంది, గాలి రాదు. అందుకే ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి కొనకుండా పాత ఫ్యాన్ స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ చూసి కొనండి. ఒకే మోడల్ పేరుతో గ్రాఫిక్స్ ఉన్నదానికీ లేనిదానికీ వేరే ఫ్యాన్, వేరే హీట్‌సింక్ వస్తాయి.

కొత్త ఫ్యానే టకటకమంటుంటే వైరు రెక్కకు తగులుతోంది, లేదా స్క్రూ ఎక్కువ బిగించడం వల్ల రేకు వంగి రెక్కకు ఆనుతోంది. పాత ఫ్యాన్‌కి ఉన్న రబ్బరు బుడిపెలు కొత్తదానికి మార్చడం మర్చిపోతే బాడీ అంతా జుయ్‌మంటుంది.

గాలి దారి

ఫ్యాన్ మూతికీ రాగి రేకుల గుత్తికీ మధ్య కంపెనీ ఒక నల్ల టేపో, రేకు టేపో అంటిస్తుంది. శుభ్రం చేసేవాళ్లు దాన్ని చెత్త అనుకుని పీకేస్తారు. అది లేకపోతే గాలి రేకుల్లోంచి వెళ్లకుండా సందుల్లోంచి లోపలికే తిరిగి వస్తుంది. వేడి తట్టుకునే కాప్టన్ టేపుతో మళ్లీ మూయండి. ఫ్యాన్ మార్చినప్పుడు ఆ సందులో పేరుకున్న దుమ్ము కూడా చూడండి. బయటి జాలీలోంచి చూస్తే కనిపించదు, ఫ్యాన్ తీశాకే రేకుల లోపలి ముఖం మీద కంబళి ముక్కలా అల్లుకుని కనిపిస్తుంది. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి కొట్టండి. కింది మూతకు అంటి ఉండే నురుగు పట్టీలు కూడా అలంకారం కాదు. లోపలికొచ్చే చల్లగాలినీ బయటికెళ్లే వేడిగాలినీ కలవకుండా వేరు చేసేవి అవే.

కింది మూత తీసి నడిపి పరీక్షించేవాళ్లకు ఒక మాట. మూత తీస్తే 10 డిగ్రీలు తగ్గిందంటే గాలి చొరబడే చోట అడ్డుంది. మూత తీస్తే పెరిగిందంటే మాత్రం భయపడకండి, చాలా డిజైన్లలో మూతే గాలి గొట్టంలో ఒక గోడ.

ఎస్‌ఎస్‌డీ, విండోస్

ఎస్‌ఎస్‌డీ వల్ల ప్రాసెసర్ 98కి పోదు. కానీ ఫ్యాన్ ఎప్పుడూ తిరగడానికి కారణం కావచ్చు. రెండు వైపులా చిప్‌లున్న ఎస్‌ఎస్‌డీనో, లావాటి హీట్‌సింక్ అంటించినదో వేస్తే కింది మూత ఉబ్బి, ఒక మూల సరిగ్గా మూసుకోదు. పాత ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న ప్యాడ్‌ని కొత్తదానికి మార్చారా? ఎస్‌ఎస్‌డీ 70 దాటి 80కి చేరువవుతుంటే అది తన వేగం తగ్గించుకుంటుంది.

కొత్త విండోస్ మొదటి రెండు మూడు గంటలు అప్‌డేట్లు, ఇండెక్సింగ్, వైరస్ స్కాన్‌తో ప్రాసెసర్‌ని ఖాళీగా ఉండనివ్వదు. ఒక రాత్రి ఛార్జర్‌కి పెట్టి వదిలేయండి. మర్నాడు ఏమీ తెరవకుండా టాస్క్ మేనేజర్ చూస్తే వాడకం 1 నుంచి 3 శాతం ఉండాలి. ప్యాకేజ్ పవర్ ఒక అంకెలోకి దిగాలి. దిగలేదంటే చిప్‌సెట్ డ్రైవర్, ఇంటెల్ డైనమిక్ ట్యూనింగ్ డ్రైవర్, కంపెనీ వాళ్ల ఫ్యాన్ కంట్రోల్ యాప్ తయారీదారు సైట్ నుంచి వేయండి. విండోస్ తనంతట తాను అన్నీ తేలేదు.

ఖాళీగా 45 డిగ్రీలే ఉన్నా ఫ్యాన్ మోత ఆగకపోతే అది వేడి సమస్యే కాదు. టాకో అందకపోవడమో, ఏదో సెన్సర్ రిబ్బన్ ఊడటమో అవుతుంది. మ్యాక్‌బుక్‌లలో ఒక్క సెన్సర్ జవాబు చెప్పకపోయినా ఫ్యాన్లు ఫుల్‌గా తిరిగి, కెర్నెల్ టాస్క్ అనే సిస్టమ్ ప్రక్రియ ప్రాసెసర్‌ని తొక్కిపట్టి ఉంచుతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వేడే లేకుండా వేగం 400, 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుంటే అలాంటి తప్పుడు కబురే ఏదో చిప్‌కి అందుతోంది. ఛార్జర్‌ని గుర్తించకపోవడం కూడా దానికి కారణం అవుతుంది. ఛార్జర్, బ్యాటరీ తీసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని కంట్రోలర్‌ని ఒకసారి రీసెట్ చేయండి.

మీ విషయంలో వరస

ముందు ఫ్యాన్ కనెక్టర్, దాని స్టిక్కర్. తర్వాత అచ్చు చూసి, ప్యాడ్‌ల మందం తేల్చి, పేస్ట్ మళ్లీ వేయడం. ఒకసారికి ఒకటే మార్చి, ప్రతిసారీ అదే సినీబెంచ్ పది నిమిషాలు తిప్పి అంకెలు రాసుకోండి. అన్నీ ఒకేసారి మార్చడం వల్లే ఇప్పుడు దేన్ని తప్పుపట్టాలో తెలియకుండా ఉంది. అండర్‌వోల్టింగ్ (చిప్‌కి ఓల్టేజి తగ్గించడం), టర్బో (చిప్ తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆపడం, కూలింగ్ ప్యాడ్ కొనడం లాంటివి ఇది తేలేదాకా పక్కన పెట్టండి. అవి అంకెను కిందకి దించి లోపాన్ని కప్పేస్తాయి. టర్బోని పరీక్ష కోసం మాత్రం ఒకసారి ఆపొచ్చు: పవర్ ఆప్షన్స్‌లో గరిష్ఠ ప్రాసెసర్ స్థితి 99 శాతం చేయండి. వాట్లు బాగా తగ్గినా ఉష్ణోగ్రత 90 దిగకపోతే ఆనడం లేదని ఇంకోసారి రుజువైనట్టే.

అచ్చు చక్కగా ఉండి, ప్యాడ్‌లు సరిపోయి, ఫ్యాన్ తిరుగుతూ, చేతికి మాత్రం ఇంకా చల్లగాలే తగులుతోందంటే హీట్ పైపు చూడాలి. ఫ్యాన్ విడదీసి, పైపు ఒక కొసను, డైకి ఆనే పలక వైపు, వేడి నీళ్లలో ముంచి రెండో కొసను వేళ్లతో పట్టుకోండి. బాగున్న పైపైతే కొన్ని సెకన్లలోనే పట్టుకోలేనంత వేడి వస్తుంది. అర నిమిషమైనా గోరువెచ్చగానే ఉంటే లోపలి ద్రవం పోయింది, లేదా విప్పేటప్పుడు పైపు నొక్కుకుపోయింది. దానికి రిపేరు లేదు, అదే పార్ట్ నంబరు హీట్‌సింక్ కొత్తది కొనాలి. బాగున్నదాన్ని తిరిగి బిగించే ముందు పూర్తిగా ఆరనివ్వండి, రేకుల మధ్య నీళ్లు చాలాసేపు దాక్కుంటాయి.